ఏ బాధా లేనోళ్లకు టెస్టులు: మా బాపుకైంది, మా అమ్మకైంది

మా ఊరు పరకాల దగ్గర, నేనుండేది హన్మకొండల. ఒక్క ఏడాదిలనే మా ఇంట్ల ఇద్దరికి టెస్టులైనయ్, ఇద్దరికీ అప్పటికి ఏ బాధా లేదు. ఒక టెస్టు అమ్మను కాపాడింది, ఇంకోటి బాపును ఆర్నెల్లు నిద్రపోనియ్యలే. అప్పటిసంది రాద్దాం రాద్దాం అనుకుంటనే ఉన్న.

ముందు బాపుది చెప్త. ఫుల్ బాడీ చెకప్ అని ఫోనొచ్చింది, డెబ్బై పైన టెస్టులంట, ఇంటికే వచ్చి రక్తం తీస్కపోతరంట, మొగోళ్లకు పీఎస్ఏ (మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తం టెస్టు) అదనంగ ఫ్రీ అంట. నేనే బుక్ చేసిన. బాపుకు 71 ఏండ్లు, పొద్దుగాల్నే పొలం కాడికి పోయి నీళ్లు చూస్కొని వచ్చే మనిషి, ఒంటికి పోవుడుల గూడ ఏ ఇబ్బంది లేదు. రిపోర్టుల పీఎస్ఏ 6.2 అని ఎర్రగ వచ్చింది, పక్కన 4 లోపు ఉండాలె అని ఉంది. మా తమ్ముడు ఫోన్ల వెతికి బాపు ముందల్నే ప్రోస్టేట్ క్యాన్సర్ అని చదివిండు.

ఇగ ఆడికెళ్లి ఒకదాని ఎనుక ఒకటి. ఎమ్మారై అన్నరు, తర్వాత బయాప్సీ అన్నరు, అంటే వెనుక దిక్కు నుంచి సూది పెట్టి పన్నెండు ముక్కలు తీస్తరు. మూడో రోజు చలిజ్వరం పట్టుకుంది, ఇన్ఫెక్షన్ అని నాలుగు రోజులు అడ్మిట్ చేస్కున్నరు. ఆ రిపోర్టు రాకముందు ఒకనాడు రాత్రి బాపు నన్ను అర్రలకు పిలిచి బీరువ తీసి, పట్టాదారు పాసుబుక్కులు ఏ సంచిల ఉన్నయో, ఎవలకు ఎంత ఇయ్యాల్నో, ఎవలు మనకు ఎంత ఇయ్యాల్నో అన్నీ చెప్పుకుంట కూసున్నడు. గొంతు మామూలుగనే ఉంది గని చేతులు వణుకుతున్నయ్. తెల్లారినంక ఏం అననట్టే పొలానికి పోయిండు.

క్యాన్సర్ లేదు. వయసుతోని గ్రంథి పెరిగింది, గంతే.

తర్వాత నేను చదివి తెల్సుకున్నదేందంటే పీఎస్ఏ ఎక్కువ ఉన్న నలుగురిల సుమారు ముగ్గురికి క్యాన్సరే ఉండదు, వయసుకు గ్రంథి పెరిగినా, ఇన్ఫెక్షన్ ఉన్నా అది పెరుగుతది. యూరప్‌ల 23 ఏండ్లు నడిపిన పెద్ద స్టడీల 456 మందిని ఈ టెస్టుకు పిలిస్తే అండ్ల ఒక్క చావు తప్పింది. ఆ ఒక్కనికి అది పానం, నేను కాదంట లేను, గని అమెరికాల నిపుణుల కమిటీ 2018ల చెప్పింది ఏందంటే 55 నుంచి 69 ఏండ్లోళ్లు డాక్టర్‌తోని మాట్లాడి లాభనష్టాలు తెల్సుకొని చేయించుకోవాల్నా వద్దా అని ఆలోచించుకోవాలె, 70 దాటినోళ్లకు చెయ్యనే వద్దు అని. 71 ఏండ్ల మనిషికి ఫ్రీ అని చేసిన్రు, మాట్లాడినోడు ఒక్కడు లేడు.

ఇంకో లెక్క గూడ ఉంది. సాధారణంగ నార్మల్ రేంజ్ పెట్టేదే మంచిగున్నోళ్లు వందల 95 మంది అండ్ల పట్టేటట్టు. మరి ఒకదానితోని ఒకటి సంబంధం లేని ఇరవై టెస్టులు మంచిగున్న మనిషికి చేస్తే కనీసం ఒక్కటన్న ఎర్రగ వచ్చే అవకాశం 64 శాతం. డెబ్బై టెస్టుల ప్యాకేజీ అంటే ఇగ మీరే ఆలోచించుండ్రి.

అమ్మది వేరే. ఆశక్క, ఏఎన్ఎం మా వాడకట్టుకు వచ్చి 30 ఏండ్లు దాటినోళ్లందరికి బీపీ, షుగర్ చూసిన్రు, వేపచెట్టు కింద కుర్చీ ఏసుకొని. అమ్మకు 190/110. "నాకేం తలకాయ నొస్తలేదు, నీ మిషినే కరాబైంది" అన్నదంట. ఆశక్క పది నిమిషాలు కూసోబెట్టి మల్ల చూసింది, తెల్లారి పీహెచ్‌సీకి తోల్కపోయి ఆడ గూడ చూపిచ్చింది, అప్పుడు గోలీ మొదలువెట్టిన్రు. ఇప్పుడు 130/80 కాడ ఉంటది. బీపీ చానామందికి ఏ నొప్పీ పెట్టకుండనే ఉంటది, పక్షవాతం వచ్చి పడిపోయినంక తెలుస్తది, మా వాడకట్టులనే అట్ల మంచాన పడ్డ మనిషి ఉన్నడు.

గందుకే నేను ఏ టెస్టూ వద్దు అనెటోన్ని కాదు. ఏ బాధా లేనోళ్లకు టెస్టు చెయ్యాలంటే ఆ బీమారి చానామందికి ఉండేది కావాలె, ఏండ్లకు ఏండ్లు దాసుకొని ఉండాలె, టెస్టు అల్కగ అయిపోవాలె, దొరికినంక మందు ఉండాలె, అది అందరికి అందాలె. విల్సన్, యుంగ్నర్ అని ఇద్దరు 1968లనే డబ్ల్యూహెచ్ఓ కోసం ఇసొంటియే పది సూత్రాలు రాసిపెట్టిన్రు. ముంబైల పదో తరగతి చదివిన ఆడోళ్లకు నేర్పిచ్చి, వెనిగర్ లాంటి ద్రావణంతోని గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ టెస్టు రెండేండ్లకోపారి చేయిస్తే ఆ క్యాన్సర్‌తోని చావులు 31 శాతం తగ్గినయ్. ఇసొంటివి మా ఊర్లల్ల ఆడోళ్లు సిగ్గుతోని చేయించుకుంటలేరు, గది నాకు మస్తు బాధ.

మొన్న కరీంనగర్ నుంచి మా అక్క ఫోన్ చేసింది, గొంతుకు థైరాయిడ్ స్కానింగ్ ఆఫర్ ఉందంట, పోవాల్నా అని. నీకు గడ్డ తల్గుతుందా, మింగుడుల ఇబ్బంది ఉందా అంటే లేదన్నది. వద్దక్కా అన్న. దక్షిణ కొరియాల ఇట్లనే చెకప్‌లకు పోయినోళ్లకు కొంచెం పైసలు కలిపితే మెడ స్కానింగ్ చేసేటోళ్లు, 2011 వరకు థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993ల ఉన్నదానికి 15 రెట్లైనయ్, చావులు మాత్రం ఎప్పుడున్నట్టే ఉన్నయ్. వేలమందికి గ్రంథి తీసేసి బతికినన్ని రోజులు గోలీలు వేస్కునేటట్టు చేసిన్రు. అట్ల స్కానింగ్‌ల దొరికినయి చానావరకు పానం తీసేయి కాకపోవు అని చెప్తే అక్క చానసేపు ఊకుంది.

డాక్టర్లను నేనడిగేది ఒక్కటే, టెస్టు రాసేముందు "ఇది ఎక్కువొస్తే తర్వాత గిది చేయాల్సొస్తది" అని కూసోబెట్టి చెప్పుండ్రి. మా బాపుకు ఎవలన్న బయాప్సీ ముచ్చట ముందే చెప్తే రక్తం ఇయ్యకపోవు.

ఇప్పుడు ఆశక్క ఒచ్చిన రోజు అమ్మ కుర్చీ తెచ్చి ఏస్తది, చెయ్యి చాపుతది. బాపు ఆమె గొంతు ఇనంగనే కండువ భుజంమీద ఏస్కొని ఎనుక దర్వాజ నుంచి బావి కాడికి పోతడు. ఏడాది దాటింది, ఒక్కసారి గూడ బీపీ చూపిచ్చుకోలే. వచ్చే వారం నేను ఊరికి పోతున్న, ఆశక్కను పొలం కాడికే రమ్మన్న.