షుగర్ వల్ల నోరు ఎండిపోతుంటే నాకు పనికొచ్చినవి

నాకు షుగర్ చాలా ఏళ్ళుగా ఉంది, విజయనగరం దగ్గర హైస్కూల్లో తెలుగు టీచర్ని. పోయినేడాది నుంచి క్లాసులో పద్యం సగం చదివేసరికి నోరు పిడచకట్టుకుపోయి నాలుక అంగిట్లోకి అతుక్కుపోయేది, గుక్కెడు నీళ్ళు తాగితే రెండు నిమిషాలే, మళ్ళీ అంతే. రాత్రిళ్ళు నోరెండిపోయి లేవడం, ఇడ్లీ కూడా చట్నీలో ముంచితే తప్ప దిగకపోవడం, కొంచెం కారం తగిలితే చాలు నాలుక మంట. షుగర్ చూపించుకునే చోట చెప్తే "వయసు కదమ్మా, నీళ్ళు బాగా తాగండి" అన్నారు. పాదాలు చూస్తారు, కళ్ళు చూడమంటారు, నోరు తెరవమని మాత్రం ఎవరూ అడగరు, ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

చివరికి మావారు డెంటల్ కాలేజీకి తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరమ్మ మింగకుండా కూర్చోబెట్టి, ఊరిన లాలాజలాన్ని చిన్న కప్పులోకి ఉమ్మించి కొలిచింది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 0.1 మిల్లీలీటరు కన్నా తక్కువ వస్తే బాగా తక్కువున్నట్టు లెక్కట, నాది అంతకంటే కిందే ఉంది. తర్వాత ఏదో నమిలించి మళ్ళీ కొలిస్తే కాస్త పెరిగింది. "లాలాజలం ఊరే గ్రంథులు ఇంకా పనిచేస్తున్నాయమ్మా, కదిలిస్తే పలుకుతాయి" అంది, ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. షుగర్ ఎక్కువున్నప్పుడు ఒంట్లో నీరు యూరిన్లో పోతుంది, ఏళ్ళ తరబడి ఉంటే గ్రంథుల్ని నడిపించే నరాలు కూడా దెబ్బతింటాయి. దానికి తోడు అరికాళ్ళ మంటకి నేను రాత్రి వేసుకునే అమిట్రిప్టిలిన్ కూడా నోరు ఎండగొట్టేదేనట. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ పట్టుకుని షుగర్ డాక్టర్ దగ్గరికెళ్తే ఆయన మాత్ర మార్చారు. నాలుక మీద ఫంగస్‌కి మందు, చిగుళ్ళ దగ్గర పుచ్చుతున్న పళ్ళకి ఫ్లోరైడ్ పేస్టు కూడా ఇచ్చారు.

ఫిజియోథెరపీ నోటికి కూడా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. మోకాళ్ళ నొప్పులకి పెట్టే టెన్స్ మెషినే, అంటే చర్మం మీద ప్యాడ్లు అంటించి సన్నటి కరెంటు పంపేది, ప్యాడ్లు మాత్రం రెండు చెవుల ముందు, దవడ మూల మీద అంటించారు, లాలాజలం ఊరే పెద్ద గ్రంథులు అక్కడే ఉంటాయట. కరెంటు మెల్లగా పెంచుతూ పోతే జివ్వుమంటుంది, నొప్పి ఉండకూడదు, ఉంటే తగ్గించమని చెప్పాలి. కాసేపటికి చెంపల లోపల తడి ఊరడం నాకే తెలిసింది, ఎన్నాళ్ళకో, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మెషిన్ తీసేశాక ఆ తడి రోజంతా ఉండదు, కొన్ని గంటల్లో తగ్గిపోతుంది, అందుకే ఇంట్లో చేసుకోడానికి మర్దన నేర్పింది ఫిజియో అమ్మాయి.

మూడు వేళ్ళతో చెవి ముందు నుంచి చెంప మీదుగా నోటి వైపుకి గుండ్రంగా రాయాలి, పై దవడ పళ్ళ దగ్గరే ఆ గ్రంథి గొట్టం నోట్లోకి తెరుచుకుంటుంది కాబట్టి ఎప్పుడూ వెనక నుంచి ముందుకే. తర్వాత బొటనవేళ్ళతో దవడ ఎముక కింద మెత్తటి చోట మూల నుంచి గడ్డం దాకా మెల్లగా పైకి నొక్కుతూ రావాలి. పెదాలు మూసి నాలుకని పళ్ళ బయట చుట్టూ తిప్పాలి, ఇటు కొన్నిసార్లు, అటు కొన్నిసార్లు. నేను అన్నం ముందు చేస్తాను, అప్పుడు ముద్ద బాగా దిగుతుంది. స్కూల్లో చక్కెర లేని జైలిటాల్ (చక్కెర బదులు వేసే తీపి) చూయింగ్ గమ్ నములుతాను. పుల్లటి చప్పరింపు బిళ్ళలు మాత్రం వద్దన్నారు, పళ్ళు అరిగిపోతాయని.

పూర్తిగా తగ్గిందని చెప్పను. ఏసీ బస్సులో, షుగర్ పెరిగిన రోజుల్లో మళ్ళీ ఎండుతుంది. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ పరీక్షలో) 9 శాతం దాటి ఉండేది 7 దగ్గరికొచ్చాకే వీటన్నిటి ఫలితం నిలబడిందని నాకనిపిస్తుంది, అది తగ్గకుండా మర్దన ఒక్కటీ చేసుంటే ఇంత రాదు. ఇప్పుడు వరసగా రెండు పీరియడ్లు చెప్పగలుగుతున్నా, పద్యం రాగం తీసి చదువుతున్నా.

గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు టెన్స్ వాళ్ళంతట వాళ్ళు పెట్టుకోకూడదు. చెంప ఒకపక్కే వాచి నొప్పి, జ్వరం ఉంటే మర్దన చేయకండి, ముందు డాక్టర్‌కి చూపించండి. వెళ్ళేటప్పుడు మీరు వేసుకునే మాత్రలన్నీ, జలుబుకి కొనుక్కున్నవి కూడా, ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్ళండి.