వైపర్ నీళ్ళు, మూడో ఫ్లోర్ అంకుల్

నిద్ర రావట్లేదు. నడుము పట్టేసింది, అంతకంటే గట్టిగా అంకుల్ మాట పట్టేసింది.

కారు వైపర్ నీళ్ళ గోల తెలుసుగా. లివర్ లాగితే మోటార్ గుర్రుమంటుంది, అద్దం మీద చుక్క పడదు. మోటార్ అరుస్తోందంటే ఫ్యూజు పోలేదు, కరెంటు వస్తోంది, మరి నీళ్ళు దారిలో ఎక్కడో ఆగుతుండొచ్చు కదా. సర్వీస్ సెంటర్ అబ్బాయి మాత్రం బోనెట్ కూడా ఎత్తకుండా "బాటిలు, మోటారు సెట్టు మొత్తం మార్చాలి మేడమ్" అన్నాడు. సరే నేనే చూసుకుంటానని వచ్చేశా.

బోనెట్ అడుగున నల్ల షీటు క్లిప్పులు ఊడదీస్తే దొంగ దొరికింది. బోనెట్ మడత దగ్గర, ఎత్తినప్పుడల్లా పైపు వంగే చోట, పగిలింది. నీళ్ళన్నీ అక్కడే కారిపోతున్నాయి. పైగా నాజిల్ బొక్కల్లో తెల్లగా సున్నం, మా బోరు నీళ్ళ పుణ్యం. నాజిళ్ళు వెనిగర్‌లో నానేసి గుండుసూదితో పొడిచా. పైపు బదులు చేపల తొట్టికి గాలి కొట్టే పైపు, అక్వేరియం షాపులో మీటర్ల లెక్కన అమ్ముతారు, సరిగ్గా సరిపోతుంది.

ఇంతలో దిగారు అంకుల్. "సార్ లేరామ్మా?" సార్ పైన ఉల్లిపాయలు తరుగుతున్నారండీ అన్నా. ఊరుకోవచ్చుగా, పైకెళ్ళి మరీ మా ఆయన్ని పిలుచుకొచ్చారు. ఇక అక్కణ్ణించి పైపు నా చేతిలో, పాఠం మా ఆయనకి. బోనెట్ లివర్ ఎక్కడుందో కూడా తెలియని మనిషికి! ఈయనేమో తరిగే కత్తి పట్టుకునే వచ్చి, ఓహో, అలాగా అండీ అని తలూపడం. నేనేదైనా అడిగితే జవాబు కూడా ఆయన మొహం చూసే చెప్తారు అంకుల్. వాచ్‌మన్ కూడా వచ్చి "మెకానిక్‌ని పిలవమంటారా సార్" అని ఆయన్నే అడిగాడు. నా చేతులు నల్లగా ఉన్నాయి, ఆయన చేతులు ఉల్లిపాయ వాసన, ఎవర్ని అడగాలో తెలియట్లేదా?

"మా రోజుల్లో ఇవెక్కడివండీ, అద్దానికి పొగాకు రుద్దేవాళ్ళం" అన్నారు అంకుల్ మధ్యలో. ఇది మాత్రం నిజం. నా చిన్నప్పుడు అన్నవరంలో పెళ్ళి చూసుకుని అంబాసిడర్‌లో రాజమండ్రి వస్తుంటే కత్తిపూడి దాటాక కుండపోత, వైపర్ ఆగిపోయింది. డ్రైవర్ దిగి తాతయ్యని చుట్ట ఇమ్మన్నాడు. మిగిలింది అదొక్కటే, తాతయ్య ఇవ్వనంటే ఇవ్వనన్నాడు, నానమ్మ తిట్టాక జేబులోంచి తీశాడు. డ్రైవర్ దాన్ని చిదిపి, తడిపి, అద్దమంతా రుద్దాడు. నీళ్ళు చుక్కలు కట్టకుండా పల్చటి పొరలా జారిపోయి రోడ్డు కనపడింది. తాతయ్య రాజమండ్రి దాకా మాట్లాడలేదు. అప్పట్లో ఆ డ్రైవర్ మాకు పెద్ద హీరో. ఇప్పుడు ఆలోచిస్తే, ఒళ్ళో పిల్లలతో కలిపి అంతమందిమి, ఆ గుడ్డి హెడ్‌లైట్లు, ఎదురుగా లారీలు... హీరో కాదు, మొండోడు. ఎక్కడో ఒకచోట ఆపుండాల్సింది.

అసలు మంట ఏంటంటే కొత్త పైపు జాయింటుకి ఎక్కట్లేదు, నేను కిందామీదా పడుతుంటే అంకుల్ మా ఆయనతో "వేడినీళ్ళలో ముంచితే మెత్తబడుతుందని చెప్పండి" అన్నారు. నేను పక్కనే ఉన్నా! ముంచితే జర్రున ఎక్కేసింది. చిట్కా మంచిదే, మనిషి కూడా చెడ్డవాడేం కాదు, రెండు గంటలు ఎండలో నిలబడ్డారు పాపం. అయినా సరే.

నీళ్ళు వచ్చాయి, రెండు వైపులా, ఫర్వాలేదు. కుడి నాజిల్ మరీ పైకి కొడుతోంది, టాపు మీద పడుతోంది, సూదితో కాస్త కిందికి వంచాలి.

ఇంకోటి తెలిసింది. బాటిల్లో ఇన్నాళ్ళూ మా ఆయన పోస్తున్నది ఆర్వో మెషిన్ వదిలే నీళ్ళట, పొదుపు! వడకట్టగా మిగిలిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది, బోరు నీళ్ళే నయం. ఏసీ పైపు కింద బకెట్ పెట్టాను, ఆ నీళ్ళలో సున్నం ఉండదు, గుడ్డలో వడకట్టి పోస్తే చాలు. వెనకద్దం సంగతి ఇంకా చూళ్ళేదు, దాని పైపు డిక్కీ తలుపు దాకా వెళ్తుంది, అది ఇంకో ఆదివారం.