మీట ఎవరి చేతిలో

2018 ఫిబ్రవరిలో, నెదర్లాండ్స్‌లోని మా వంటింటి ఓవెన్ గడియారం వెనకబడటం మొదలుపెట్టింది. మొదట రెండు మూడు నిమిషాలు, నెలాఖరుకు దాదాపు ఆరు. దాన్ని చూసుకుని బయల్దేరిన రోజు మా ఆయనకు బస్సు పోయింది. రిపేరుకు ఇద్దామన్నాడు. అక్కర్లేదని చెప్పాను. ఆ రకం గడియారాలకు సొంత లెక్క ఉండదు. గోడలోంచి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ ఊపుల్ని లెక్కపెట్టి టైం చూపిస్తాయి. ఊపు నెమ్మదిస్తే టైమూ నెమ్మదిస్తుంది. ఆ శీతాకాలంలో కొసావో, సెర్బియాల మధ్య వివాదం వల్ల 113 గిగావాట్ అవర్ల కరెంటు, మన లెక్కలో 11 కోట్ల 30 లక్షల యూనిట్లు, వాడకంలో ఉంది గానీ ఉత్పత్తిలో లేదు. దాంతో జనవరి మధ్య నుంచి మార్చి మొదటి రోజుల దాకా యూరప్ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు ఈ ఊపుల సంఖ్య, సగటున 49.996 హెర్ట్జ్ దగ్గర నడిచింది. పాతిక దేశాల్లో ఇలాంటి గడియారాలన్నీ ఒకేలా వెనకబడ్డాయి.

ఆ రాత్రి నాన్నకు ఫోన్‌లో చెప్పాను. ఆయనేం ఆశ్చర్యపోలేదు. "ఎవరో ఒకళ్ళు ఫీడరు తీసెయ్యాల్సింది కదమ్మా. ఎందుకు తియ్యలేదు?" అని అడిగాడు. ఫీడరంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్ళకు కరెంటు తీసుకెళ్ళే లైను.

నాన్న వినుకొండ దగ్గర ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. నా చిన్నతనంలో సగం ఆ కంట్రోల్ రూములోనే గడిచింది. గంటగంటకూ వోల్టులు, ఆంపియర్లు లాగ్‌బుక్కులో ఎక్కించడం, లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఎల్‌సీ (లైన్ క్లియర్, ఆ లైనులో కరెంటు ఆపామన్న అనుమతి) ఇవ్వడం, పైనుంచి ఫోను రాగానే ఈఎల్‌ఆర్ అని రాసి ఫీడరు తియ్యడం ఆయన పని. ఈఎల్‌ఆర్ అంటే ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్. గ్రిడ్‌లో కరెంటు చాలనప్పుడు ఎవరిదో ఒకరిది తియ్యాలి, లేకపోతే అందరిదీ పోతుంది. తియ్యమని చెప్పేవాళ్ళు ఎక్కడో ఉండేవాళ్ళు, తిట్లు మాత్రం నాన్నకు. తడి అందక మిరపతోట వడిలిపోతున్న రైతు సైకిలేసుకుని వచ్చి, గేటు పట్టుకుని, "మా గ్రూపే దొరికిందా సారూ మీకు?" అని అడిగేవాడు. నాన్న దగ్గర జవాబు ఉండేది కాదు. మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టేవాడు.

గ్రూపు అన్నది ఎందుకంటే, వ్యవసాయ ఫీడర్లను ఏ గ్రూపు, బీ గ్రూపు అని విడదీసి కొందరికి పగలు, కొందరికి రాత్రి ఇచ్చేవాళ్ళు. రాత్రి కరెంటు అంటే ఏమిటో ఆ పక్కన పుట్టినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. టార్చిలైటు పట్టుకుని బోరు దగ్గరికి నడవడం, గట్టు మీద పాములు, తడిచేత్తో స్టార్టరు ముట్టుకుని తిరిగిరానివాళ్ళు. ఆ బాధ పడలేక చాలామంది ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే ఊళ్ళో మోటార్లన్నీ ఒక్కసారిగా లేచేవి, ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేక కాలిపోయేది. మళ్ళీ బాగై వచ్చేదాకా పొలాలు ఎండేవి. 2004లో వ్యవసాయానికి కరెంటు ఉచితం చేశారు, బిల్లు బాధ పోయింది. రాత్రి బాధ మాత్రం చాలాకాలం పోలేదు.

2012 జూలై 31న సగం దేశంలో కరెంటు పోయినప్పుడు నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మాకు లైటు కూడా ఆరలేదు. దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో ముడిపడలేదు కాబట్టి బయటపడ్డాం. రాయచూరు నుంచి షోలాపూర్‌కు 765 కేవీ లైను వేసి 2013 డిసెంబరు 31న ముడివేశారు. ఆ ఏడాదే నేను చదువుకోసం నెదర్లాండ్స్ వచ్చాను. చదువయ్యాక ఆర్నెమ్‌లో స్థిరపడ్డాం. ఇది కరెంటు వాళ్ళ ఊరు. మన దేశపు ట్రాన్స్‌ఫార్మర్లు షార్ట్ సర్క్యూట్ పరీక్షకు వచ్చే కెమా ల్యాబు ఇక్కడే ఉంది. ఈ దేశంలో తీగల మీద నడిచే ట్రాలీబస్సులు మిగిలిన ఊరు కూడా ఇదొక్కటే.

నేను పనిచేసే పరిశోధన సంస్థలో మా బృందం చేసేది రెండు పనులు. వేరువేరు కంపెనీల మీటర్లు, కారు ఛార్జర్లు, హీట్ పంపులు (కరెంటుతో ఇల్లు వెచ్చబెట్టే యంత్రాలు) తెచ్చి ల్యాబులో కలిపి, ఒకదాని మాట ఒకదానికి అర్థమవుతోందో లేదో చూస్తాం. తేలినదాన్ని అయిదారు పేజీల నోటుగా రాసి బ్రసెల్స్‌లో ఐరోపా యూనియన్ నిబంధనలు రాసేవాళ్ళకు పంపుతాం. ఈ రెండో పనిలో నాకు తెలియనిది ఎంత ఉందో అర్థం కావడానికి ఏళ్ళు పట్టింది. ఇంజనీరుగా నేను "ఇది సాధ్యమా" అని అడుగుతాను. వాళ్ళు అడిగేది వేరు: దీన్ని "చేయాలి" అని రాయాలా, "చేయవచ్చు" అని రాయాలా? రాసిన ఆ ఒక్క మాట 27 దేశాల చట్టాల్లోకి వెళ్ళి, చివరకు ఎవరింటి గోడకో మీటరై బిగుసుకుంటుంది.

దీనికి ఈ దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2009లో ఐరోపా యూనియన్ ఒక డైరెక్టివ్, అంటే సభ్యదేశాలు తమ చట్టాల్లో కలుపుకోవాల్సిన ఆదేశం, తెచ్చింది: స్మార్ట్ మీటర్ల వల్ల ఖర్చు కంటే లాభం ఎక్కువని తేలిన దేశాల్లో 2020 నాటికి 80 శాతం ఇళ్ళకు అవి పెట్టాలని. ఇటలీలో అప్పటికే మూడు కోట్ల ఇళ్ళకు పైగా పెట్టేశారు. జర్మనీ 2013లో లెక్కలు వేసుకుని, అందరికీ పెడితే గిట్టుబాటు కాదని ఆగింది. నెదర్లాండ్స్ మాత్రం డైరెక్టివ్ రాకముందే అందరికీ తప్పనిసరి చేస్తూ బిల్లు రాసింది. వద్దన్నవాళ్ళకు జరిమానా, జైలు కూడా పెట్టింది. 2009 ఏప్రిల్‌లో ఎగువ సభ దాన్ని సాగనివ్వలేదు. పావుగంటకోసారి రీడింగు తీస్తే ఆ ఇంట్లో ఎప్పుడు నిద్రలేచారు, ఎప్పుడు ఊరెళ్ళారు, అన్నీ తెలిసిపోతాయి, ఇది ఐరోపా మానవ హక్కుల ఒప్పందంలో వ్యక్తిగత జీవితాన్ని కాపాడే 8వ అధికరణానికి విరుద్ధమన్నారు. చివరకు వద్దనుకునే హక్కు ఇచ్చాకే 2015లో మీటర్లు పెద్ద ఎత్తున పెట్టడం మొదలైంది. నేను మొదటిసారి ఈ కథ విన్నప్పుడు, మీటరు వద్దంటే ప్రభుత్వమే ఆగిపోయిందా అని నమ్మలేకపోయాను. మా ఊళ్ళో మీటరు పెట్టేటప్పుడు అడగడం సంగతి అటుంచి, చెప్పడం కూడా ఎరగం.

ఇప్పుడు ఇక్కడి సమస్య మీటరు దాటిపోయింది. దాదాపు మూడో వంతు ఇళ్ళ మీద సోలార్ పలకలున్నాయి. గ్రోనింగెన్‌లో గ్యాసు తీస్తే భూమి కంపిస్తోందని ఆ బావులు మూసేశారు, గ్యాసు బాయిలర్ల స్థానంలో హీట్ పంపులు వస్తున్నాయి. కార్లు ఛార్జింగుకు వచ్చాయి. వీధి కింద కేబుళ్ళు మాత్రం పాతవే. కొత్త కనెక్షను కోసం వేల సంస్థలు క్యూలో ఉన్నాయి. డబ్బున్నా కరెంటు దొరకదు! కేబుళ్ళు మార్చడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి ఈలోపు వాడకాన్ని కాస్త అటూఇటూ జరపాలి: సాయంత్రం ఆరింటికి పెట్టిన కారు అర్ధరాత్రి ఛార్జయితే చాలు, హీట్ పంపు ఒక గంట ఆగితే ఇల్లు చల్లబడదు. దీన్ని ఇక్కడ ఫ్లెక్సిబిలిటీ అంటారు.

ఒక వీధిలో ఇది పరీక్షించడానికి వెళ్ళినప్పుడు మొదటి వారమే దెబ్బ తగిలింది. రాత్రి చౌక ధర మొదలయ్యే నిమిషానికి కార్లన్నీ ఒకేసారి ఛార్జింగు మొదలుపెట్టాయి, వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు సాయంత్రం కంటే ఎక్కువైంది. కంప్యూటర్ తెర మీద ఆ గీత నిటారుగా లేవడం చూసి నా పక్కనున్నవాళ్ళు కంగారుపడ్డారు. నాకు మా ఊరి ఆటోస్టార్టర్లు కళ్ళ ముందు కదిలాయి. ఒక్కో కారుకు కొన్ని నిమిషాల తేడా పెట్టమన్నాను. గీత ఒరిగింది.

ఆ వీధిలోనే ఒక పెద్దావిడ ఉండేది. ఎనభై దాటాయి, చక్రాల స్టాండు పట్టుకుని నడుస్తుంది. ఆమె హీట్ పంపుకు, దాన్ని బయటినుంచి ఆపే మా పెట్టె తగిలించడానికి వెళ్ళాం. నేను కాగితాలు తీసి అంతా వివరించాను. శ్రద్ధగా విని, ఒకే ప్రశ్న వేసింది: "మీరు ఆపేసినప్పుడు నాకు చలేస్తే, మళ్ళీ పెట్టుకునే మీట ఎక్కడుంది?"

లేదు. ఫోన్ యాప్‌లో ఉంది గానీ, ఆమె దగ్గరున్నది బటన్ల ఫోను. ఆఫీసుకొచ్చి మీట పెడదామంటే మావాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళ వాదనలో బలముంది, అది కొట్టిపారెయ్యలేను. బాగా చలిగా ఉన్న సాయంత్రం అందరూ మీట నొక్కితే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది, అప్పుడు ఎవరికీ వెచ్చదనం ఉండదు. మా నాన్న చేసిన ఈఎల్‌ఆర్ వెనకున్న తర్కం కూడా అదే.

ఆ వాదన నడుస్తుండగా నేను 2021 జనవరి 8 లెక్కలు మళ్ళీ తీశాను. ఆ శుక్రవారం లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని పని చేసుకుంటున్నాను, తెర మీద ఫ్రీక్వెన్సీ గీత కనిపిస్తోంది. మధ్యాహ్నం 2:04కి క్రొయేషియాలో ఎర్నెస్టినోవో సబ్‌స్టేషన్‌లో ఒక బస్ కప్లర్, అంటే సబ్‌స్టేషన్‌లో రెండు భాగాలను కలిపే స్విచ్చి, ట్రిప్పయింది. ఆ లోడు పక్క లైన్ల మీద పడి అవీ వరసగా తెగాయి, నిమిషం తిరక్కుండా యూరప్ గ్రిడ్ రెండు ముక్కలైంది. మా వైపు ఫ్రీక్వెన్సీ 49.74కి పడింది. నాకు గుండె జారింది. నా స్టవ్ మీద పప్పు ఉడుకుతూనే ఉంది, లైటు మిణుకుమనలేదు. ఎందుకంటే ఫ్రాన్స్, ఇటలీలలో దాదాపు 1,700 మెగావాట్ల లోడు కొన్ని సెకన్లలో దానంతటదే ఆగిపోయింది. అవి పెద్ద ఫ్యాక్టరీలు. అవసరమైతే ఆపుకోవచ్చని ముందే ఒప్పందం రాసుకుని, అందుకు డబ్బు తీసుకుంటున్నవి. దాదాపు గంటలో రెండు ముక్కలూ మళ్ళీ కలిశాయి.

అది కూడా ఈఎల్‌ఆరే. ఆ మాట నేను బిగ్గరగా అన్నాను మీటింగులో, తెలుగు యాసతోనే. ఫ్యాక్టరీని ఆపితే ఒప్పందం, పరిహారం. మా ఊరి రైతుకు రాత్రి కరెంటు ఇచ్చింది కూడా గ్రిడ్ సౌకర్యం కోసమే, సాంకేతికంగా ఇక్కడ చేస్తున్నదీ అదే పని. ఆ రైతును ఎవరూ అడగలేదు. గ్రిడ్‌ను నిలబెట్టింది ఆయన నిద్ర అని ఏ నివేదికలోనూ రాయలేదు. ఈ పెద్దావిడను ఫ్యాక్టరీలా చూస్తారా, మా రైతులా చూస్తారా అన్నదే ఈ నోటులో మనం తేల్చాల్సిన విషయం అన్నాను. గొంతు వణికింది, దాచుకోలేదు.

నోటులో నేను రాసిన వాక్యం: ఇంట్లోని యంత్రాన్ని బయటినుంచి ఆపే ఏ పథకంలోనైనా, ముందుగా చెప్పాలి, ఇంటివాళ్ళు వెంటనే తిరిగి పెట్టుకునే వీలు ఉండాలి. "ఉండాలి"ని "ఉంటే మంచిది" అని మార్చారు. నేను మళ్ళీ మార్చాను. మూడు వారాలు ఇదే నడిచింది. 2019లో వచ్చిన ఐరోపా కరెంటు డైరెక్టివ్ 17వ అధికరణం వినియోగదారులు మధ్యవర్తి సంస్థల ద్వారా కరెంటు మార్కెట్లోకి రావచ్చని ఇప్పటికే అంటోంది, అంటే వాళ్ళు అమ్ముకునేవాళ్ళు, అమ్మకానికి పెట్టిన సరుకు కాదు అని నా వాదన. చివరకు, మీట నొక్కిన రోజు పరిహారం తగ్గించుకోవచ్చు అన్న షరతు కలిపి "ఉండాలి" ఉంచారు. ఆ షరతు నాకు న్యాయంగానే తోచింది. ఎంతమంది నొక్కవచ్చో అంచనా వేసి లెక్కలో కలుపుకోవడం ఇంజనీర్ల పని, అది మేం చేయగలం.

ఆ వేసవిలో నాన్న మా దగ్గరికి వచ్చాడు. వచ్చిన మర్నాడే వీధి తలుపు పక్కన మీటరు అల్మరా తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని నిలబడ్డాడు. తెర మీద అంకెలు ఒకటొకటిగా మారుతున్నాయి.

"1.8.1 ఏంటమ్మా?"

"రాత్రీ, శనాదివారాలూ చౌక రేటుకు మనం వాడింది. 1.8.2 మామూలు రేటుకు."

"మరి ఈ 2.8.1?"

"సోలార్‌ది ఆ చౌక రేటు వేళల్లో మనం వెనక్కి ఇచ్చింది నాన్నా."

"వెనక్కిస్తే మీటరు వెనక్కి తిరగదూ?"

పాత చక్రం మీటర్లు తిరిగేవని, ఇది రెండు లెక్కలూ విడివిడిగా రాస్తుందని, 2027 జనవరి నుంచి ఇచ్చింది, తీసుకుంది చెల్లుకు చెల్లు చేయడం ఆపేస్తున్నారని చెప్పాను. తలూపి, నా బల్ల మీదనుంచి నోటుపుస్తకం తెచ్చుకుని నిలువు గీతలు కొట్టాడు. ఉన్న మూడు నెలలూ ఉదయం ఆరింటికి రీడింగులు ఎక్కించాడు.

ఒకరోజు ట్రాలీబస్సులో వస్తుంటే పెద్దావిడ సంగతి, నోటు సంగతి అంతా చెప్పాను. కిటికీలోంచి పైన తీగల్ని చూస్తూ విన్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. దిగేముందు అడిగాడు:

"ఆ మీట పెట్టారా మరి ఆమెకు?"

"పెట్టాం నాన్నా. ఆమె ఇంట్లో, హాల్లో గోడకు."

"ఎంత ఎత్తులో పెట్టారు? కూర్చుంటే అందుద్దా?"

"అందుద్ది. కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యి చాపించి, అక్కడే బిగించాం."