రోడ్రిగ్స్ దీవిలో మిగిలిన అడవి కాఫీ

మాది కొరాపుట్ జిల్లా సెమిలిగుడ. వేసవి వానలు పడి కాఫీ తోటలు తెల్లగా పూసే రోజుల్లో, ఆ మల్లెల వంటి వాసన మధ్య నడుస్తుంటే, నాకు ప్రతి ఏడూ ఒక దూరపు మొక్క గుర్తుకు వస్తుంది. అది కాఫీ కుటుంబానికే చెందిన కాఫే మారోన్, అంటే అడవి కాఫీ. మన తెలుగువాళ్లు ఒకప్పుడు కోరంగి రేవులో ఓడలెక్కి వెళ్లిన మారిషస్‌కు తూర్పున, సుమారు 560 కిలోమీటర్ల దూరంలో ఉన్న రోడ్రిగ్స్ దీవిలో తప్ప అది సహజంగా మరెక్కడా పెరగదు.

అంతరించిపోయిందని అందరూ అనుకున్న ఆ మొక్కను 1980 ప్రాంతంలో ఒక బడిపిల్లవాడు గుర్తించి, కొమ్మ తుంచి తెచ్చి తన పంతులుగారికి చూపించాడు. దీవి మొత్తం మీద అదొక్కటే మిగిలి ఉంది. ఆ సంగతి బయటికి పొక్కగానే, మందుకు పనికొస్తుందని నమ్మిన జనం ఆకులూ కొమ్మలూ విరుచుకుపోవడం మొదలుపెట్టారు. చుట్టూ కంచె కట్టినా ఆగలేదు. వారిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. మా కొండల్లో సర్పగంధి వేరు తవ్వేవారు కూడా ఇంట్లో జబ్బు తగ్గాలని తవ్వుతారే గాని, మొక్క నశించాలని తవ్వరు.

1986లో ఆ మొక్క కొమ్మలను విమానంలో లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి పంపగా, ఒక్కటి వేరు పట్టింది. అది ఏళ్ల తరబడి పూసింది గాని కాయలేదు. చివరికి 2003లో కార్లోస్ మగ్దలేనా అనే ఉద్యానకారుడు పువ్వులో పుప్పొడిని అందుకునే కొనను, అంటే కీలాగ్రాన్ని కోసి, కోసిన చోట పుప్పొడిని అద్ది కాయలు కాయించాడు. ఆ విత్తనాల నుంచి పెరిగిన మొక్కలు తిరిగి దీవికి చేరాయి.

ఆ ఓర్పుకు చేతులెత్తి మొక్కుతాను. అయినా నా దిగులు మొక్క గురించి కన్నా అది నిలవవలసిన నేల గురించే ఎక్కువ. దాదాపు 108 చదరపు కిలోమీటర్ల ఆ దీవిలో వలస వచ్చినవారు అడవిని నరికారు. మేకలూ పశువులూ మొలకలను మేసేశాయి. బయటినుంచి తెచ్చిన చెట్లు మిగిలిన చోటును ఆక్రమించాయి. కాఫే మారోన్ లేతగా ఉన్నప్పుడు సన్నని గోధుమరంగు ఆకులు వేస్తుంది, ఎదిగాక వెడల్పైన పచ్చని ఆకులు తొడుగుతుంది. పూర్వం అక్కడ తిరిగిన పెద్ద తాబేళ్ల కంటబడకుండా ఉండటానికే ఆ వేషమని శాస్త్రజ్ఞులు భావిస్తారు. ఆ తాబేళ్లు ఎప్పుడో అంతరించాయి. మొలక మాత్రం నేటికీ అదే గోధుమరంగుతో, ఇప్పుడు మేకలు తిరిగే నేలమీద తలెత్తుతోంది.