జాకెట్టు పట్టని చెయ్యి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగిన పద్నాలుగు నెలలకు ఒకరోజు జాకెట్టు ఎడమ చేతికి పట్టలేదు. ఒళ్లు చేశానేమో అనుకున్నాను. కానీ కుడి చేతికి అదే జాకెట్టు వదులుగా ఉంది! ముంజేతి మీద వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు పూడలేదు. పక్కింటావిడ చూసి, "బోదకాలు చేతికి కూడా వస్తుందా?" అని అడిగింది.

చంకలో లింఫు గ్రంథులు తీసేయడంతో చేతిలోని ద్రవం వెనక్కి వెళ్లే దారి సన్నబడిందట. ఈ వాపు పేరు లింఫెడీమా. మొదట చూసిన డాక్టరు నీరు పోవడానికి మాత్రలు రాశారు. రెండు వారాలు బాత్రూముకు తిరగడమే మిగిలింది. ఆ మాత్రలతో ఒంట్లో నీరు తగ్గినా చేతిలో చిక్కుకున్న ప్రొటీన్లు అక్కడే ఉండి మళ్లీ నీటిని పట్టుకుంటాయని తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది.

ఆ అమ్మాయి మర్దన చేస్తాననగానే అమ్మ నువ్వుల నూనె వేడి చేసింది. తీరా చూస్తే నూనె లేదు, ఒత్తడం లేదు. వాచింది చెయ్యి అయితే ఆ అమ్మాయి మెడ దగ్గర మొదలుపెట్టి, చర్మాన్ని మాత్రమే మెల్లగా జరిపింది. డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్ 1930లలో రూపొందించిన పద్ధతి అట. దీనికి డబ్బు దండగ అనుకున్న మాట నిజం.

అసలు పరీక్ష కట్లది. వేళ్లకు సన్నటి గుడ్డ, పైన దూది, ఆపైన అంతగా సాగని పట్టీలు. అరచేతి దగ్గర బిగువుగా, భుజం వైపు వదులుగా. రాత్రీ పగలూ ఉంచుకోవాలి. కట్టుతోనే పిడికిలి మూసి తెరవాలి, అప్పుడే కండరం పట్టీకి ఒత్తుకుని ద్రవాన్ని పైకి నెడుతుందట. అదీ విజయవాడలో, మే నెలలో! దురదకు ఏడ్చాను. రోజూ ఉతికి ఆరేసిన పట్టీలను మా ఆయన టీవీ ముందు కూర్చుని చుట్టేవారు, నాకంటే నున్నగా.

మూడు వారాలకు రెండు ముంజేతుల తేడా 4 సెంటీమీటర్ల నుంచి ఒకటిన్నరకు దిగింది. తర్వాత పగలు చేతికి తొడుక్కునే బిగువైన స్లీవ్, రాత్రి చర్మానికి క్రీము. కూరలు తరిగేటప్పుడు గ్లవ్స్ వేసుకుంటాను, చిన్న గాటైనా ఇన్ఫెక్షన్ రావచ్చని.

మొన్న మేనకోడలి పెళ్లిలో ఫోటోల కోసం స్లీవ్ రెండు రోజులు పక్కన పెట్టాను. టేపు పెట్టి చూస్తే ఒక సెంటీమీటరు తిరిగి వచ్చింది. మా ఆయన ఏమీ అనలేదు, అటక మీద నుంచి పట్టీల సంచీ దించారు.