గుడ్డు మీద తోడేలు పళ్లు

శనివారం గుడ్డు ముట్టకూడదన్న పట్టింపు మా ఇంట్లో ఇంకా ఉంది, జర్మనీ వచ్చినా పోలేదు. కానీ ఈస్టర్ ముందు మా పక్కింటావిడకి తీరిక దొరికేది శనివారాలే, ఆవిడకి తీరికైతేనే మనకి ఈస్టర్ గుడ్ల మీద మైనంతో బొమ్మలేసి రంగులద్దే పాఠం. కాబట్టి పొద్దున తొమ్మిదికల్లా వంటింట్లో కూర్చుని, గుడ్లకి అటూ ఇటూ సూదితో చిల్లులు పెట్టి, పైనుంచి ఊదుతూ కింద గిన్నెలోకి సొన దింపుతున్నాను. తినకూడదన్నారు గానీ ఊదకూడదని ఎవరన్నారు అని మా ఆయన సమర్థింపు. సాయం చెయ్యమంటే మాత్రం ఇవాళ శనివారం కదా అని తప్పుకున్నాడు. సొనంతా మూతపెట్టి ఫ్రిజ్‌లో తోసేశా, రేపు కోడిగుడ్డు పొరటు.

ఊదడానికి పెద్ద విద్యేం అక్కర్లేదు. కింద చిల్లు కాస్త పెద్దదిగా ఉండాలి, సూది లోపలికంటా పోనిచ్చి పచ్చసొన పగిలేలా కదపాలి, లేకపోతే బుగ్గలు నొప్పి పుట్టడమే తప్ప చుక్క రాలదు. ఆ తర్వాత లోపల నీళ్లు పోసి కడిగి ఆరబెట్టాలి. దీనికన్నా విసుగు పని ఇంకోటుంది, గుడ్డు మీద ముద్ర చెరపడం. ఇక్కడ కొట్లో కొన్న ప్రతి గుడ్డు మీదా ఎర్ర సిరాతో ఒక నంబరు ఉంటుంది. మొదటి అంకె కోడిని ఎలా పెంచారో చెబుతుంది, 0 అయితే సేంద్రియం, 1 అయితే ఆరుబయట తిరిగింది, 2 అయితే షెడ్డులో నేల మీద పెరిగింది. తర్వాత దేశం, ఆ తర్వాత రాష్ట్రం, మా సాక్సనీది 14. గుడ్డుకి ఆధార్ నంబర్ అన్నమాట. దాన్ని వెనిగర్‌లో ముంచిన దూదితో రుద్దితే పోతుంది గానీ గట్టిగా రుద్దితే పెంకు పైపొర కూడా పోయి, అక్కడ రంగు వేరేగా పట్టి మచ్చలా కనిపిస్తుంది. ఆ మచ్చని ఏం చెయ్యాలి అని పోయినవారం అడిగితే ఓమా, "దాని మీద మైనం పెట్టెయ్, అక్కడే పువ్వు మొదలవుతుంది" అంది తేలిగ్గా.

ఓమా అంటే జర్మన్‌లో అమ్మమ్మ, ఇక్కడ మా పక్కింటావిడే, డెబ్భై దాటాయి. మా పాప అలా పిలుస్తుంటే నాకూ అదే అలవాటైంది. ఆవిడ పుట్టింది డ్రెస్డెన్‌కి ఈశాన్యంగా, క్రోస్ట్‌విట్స్ దగ్గర పల్లెటూళ్లో, ఇంట్లో మాట్లాడిన భాష సోర్బియన్. ఇక్కడికి వచ్చేదాకా అలాంటి భాష ఒకటుందనే నాకు తెలీదు. పోలిష్, చెక్ భాషలకి దగ్గరది. సోర్బులు స్లావ్ జాతివాళ్లు, లౌజిట్స్ అనే ఈ ప్రాంతంలో వెయ్యేళ్లకి పైగా ఉంటున్నారు. ఇప్పుడు ఓ అరవై వేలమంది ఉంటారని అంటారు. బౌట్సెన్‌లో రైలు దిగితే బోర్డు మీద ఊరిపేరు రెండు భాషల్లో ఉంటుంది, కింద బుడిషిన్ అని. ఈ గుడ్ల మీద పనితనమంతా వాళ్లది. ఈస్టర్ ఆదివారం మగవాళ్లు పొడవు కోట్లు, ఎత్తు టోపీలు పెట్టుకుని, అలంకరించిన గుర్రాల మీద పాటలు పాడుతూ ఊరినుంచి ఊరికి ఊరేగింపుగా వెళ్తారే, అదీ వాళ్లదే. వాళ్ల పండగలూ ఆచారాలూ 2014లో జర్మనీ వారసత్వ సంపద జాబితాకి ఎక్కాయి. ఓమా దగ్గర ఈ సంగతి ఎత్తితే, "జాబితా వాళ్లు రాసుకున్నారు, గుడ్లు మేం ముందునుంచే రాస్తున్నాం" అంటుంది.

సరే, పది గంటలకి ఆవిడ తన సరంజామాతో వచ్చింది. సరంజామా అంటే ఏమీ లేదు, మెడ వంచిన పాత చెంచా, దానికింద చిన్న కొవ్వొత్తి, చెంచాలో తేనెమైనం ముక్క, ఇంకా బాతు ఈకలు. అసలు కుంచె ఆ ఈకే. ఈక చివర ఒకటి రెండు సెంటీమీటర్లు వదిలేసి మిగతా పీచంతా పీకేసి, ఆ చివరని చిన్న కత్తెరతో ముక్కోణంగానో, డైమండ్ ఆకారంగానో కత్తిరిస్తుంది. దాన్ని కరిగిన మైనంలో ముంచి గుడ్డు మీద అద్దడమే. గీత గీసే పనే లేదు, ఒక్కొక్క అద్దుకి ఒక్కొక్క ముక్కోణం. చుక్కలకైతే పుల్లకి గుచ్చిన గుండుసూది తల, అది మా పాప డిపార్ట్‌మెంట్.

ఇక్కడ కాస్త దగ్గరగా చూడాలి. మైనం సరిపడా వేడిగా ఉంటే పెంకు మీద పడగానే తడి మరకలాగా పల్చగా, అద్దంలా కనిపిస్తుంది, అంటే పట్టుకుందని అర్థం. చల్లబడిందనుకోండి, తెల్లగా ముద్దలా నిలబడుతుంది, గోరు తగిలితే ఊడొస్తుంది, ఊడిన చోట రంగు దూరుతుంది. మరీ వేడెక్కితే ఈక చివర ముడుచుకుపోయి, వెంట్రుకలు కాలిన వాసన వంటిల్లంతా. చెంచా నుంచి గుడ్డు దాకా జానెడు దూరం, ఆ జానెడులోనే మైనం చల్లారిపోతుంది. ఓమా చెయ్యి ఆ దూరాన్ని చూడకుండానే దాటుతుంది, కళ్లు గుడ్డు మీదే, నోరు మా పాపకి ఏదో కథ చెబుతూ. గుడ్డు ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టు పనికిరాదు, చెమ్మ పడుతుంది. చేతికి కొబ్బరినూనె ఉండకూడదు, జిడ్డు అంటిన చోట రంగు అంటదు. తల దువ్వాక చేతులు కడుక్కోమని ఆవిడ మాకిద్దరికీ ప్రతిసారీ చెబుతుంది, మన సంగతి ఆవిడకి బాగా తెలిసిపోయింది.

వరసగా అద్దిన ముక్కోణాల్ని తోడేలు పళ్లు అంటారట, చెడు దరిచేరకుండా. తేనెపట్టు గళ్లయితే కష్టపడే గుణానికి. మా పాప తోడేలు దగ్గర ఆగిపోయింది, నిజంగా ఉన్నాయా ఇక్కడ అని. ఉన్నాయి! జర్మనీలో తోడేళ్లని వేటాడి వేటాడి లేకుండా చేశాక, మళ్లీ వచ్చి 2000లో పిల్లలు పెట్టింది ఈ లౌజిట్స్‌లోనే. అడవిలో తోడేలు లేని కాలమంతా గుడ్ల మీద పళ్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఓమా వాళ్ల ఊరివైపు గొర్రెలున్నవాళ్లకి ఇప్పుడు ఇది నవ్వులాట కాదు, కంచెలకి కరెంటు పెట్టుకుంటున్నారు.

ఇక రంగులు. పద్ధతి తెలిసినదే, లేత నుంచి ముదురుకి. తెల్లపెంకు మీద మొదట మైనం ఎక్కడ పెడితే అక్కడ తెలుపు నిలిచిపోతుంది, తర్వాత పసుపులో ముంచి మళ్లీ మైనం, అవి పసుపుగా ఉంటాయి, తర్వాత ఎరుపు, మళ్లీ మైనం, చివరికి ముదురు నీలమో నలుపో. ఖాళీ గుడ్డు నీళ్లలో మునగదు కాబట్టి చిల్లులు మైనంతో మూసి, పైన గ్లాసుతో అదిమి పట్టుకోవాలి. రంగుల నీళ్లు చల్లగా ఉండాలి, వేడిగా ఉంటే మైనం కరిగి అంతా పోతుంది. నలుపులోంచి తీసినప్పుడు చూస్తే బొగ్గుముక్కకి మైనం మరకలంటినట్టే ఉంటుంది తప్ప ఏమీ కనబడదు. అప్పుడు కొవ్వొత్తి మంట పక్కన (పైన కాదు, మసి పడుతుంది) పట్టుకుంటే మైనం మెరుస్తుంది, వెంటనే మెత్తటి గుడ్డతో తుడిచెయ్యాలి. కొంచెం వేడి, ఒక తుడుపు, మళ్లీ కొంచెం వేడి. ముందు ఎర్రది బయటపడిందా పసుపు బయటపడిందా అని మా పాపా నేనూ పందెం. ఇందులో కష్టం చెయ్యి తిప్పడం కాదు, వెనకనుంచి ఆలోచించడం. ఎర్రపువ్వు కావాలంటే ఎరుపు పూయడం కాదు, ఎరుపు ఉన్నంతసేపట్లో దాన్ని దాచెయ్యాలి. రోజంతా ఆఫీసులో ముందు ఏం రావాలి, తర్వాత ఏం రావాలి అని కోడ్ రాసే నాకే బుర్ర తిరుగుతుంది, ఆవిడకి కాగితం మీద బొమ్మ కూడా అక్కర్లేదు.

మా అమ్మ పుట్టిల్లు పెడన, కలంకారీ అద్దకాల ఊరు. అక్కడ ఇప్పుడంతా చెక్క అచ్చులే, కానీ పూర్వం మన తీరంలో కలంకారీ వస్త్రాలకి నీలం వెయ్యాలంటే ఇదే పని చేసేవాళ్లు, నీలం అంటకూడని చోటల్లా మైనం పూసి బట్టని నీలిమందు తొట్టిలో ముంచడం. ఎందుకంటే నీలిమందు రసం గాలి తగలగానే మారిపోతుంది, కలంతో తీరిగ్గా పుయ్యడానికి కుదరదు, ముంచక తప్పదు. ముంచితే బట్టంతా నీలమే, కాబట్టి మిగతాదంతా మైనంతో కప్పాలి. ఎర్ర పువ్వులో ఒక్క నీలం రేక కావాలన్నా బట్టంతా మైనం పుయ్యాల్సిందే. ఓమాకి ఫోన్లో ఒక పాత కలంకారీ బట్ట ఫోటో చూపించి చెబితే, కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూసి, "ఇంత పెద్ద గుడ్డకా, ఎంత మైనం అవ్వాలి!" అంది. ఆవిడకి మొదట తట్టింది ఖర్చు. పనివాళ్లంటే అంతే మరి.

మధ్యాహ్నం పప్పుచారన్నం తిన్నాక (ఓమాకి మన పప్పుచారు ఇష్టం, కారం మాత్రం తగ్గించాలి) గోధుమరంగు గుడ్లు తీశాం. నాకు నిజంగా నచ్చేది ఈ భాగం. రంగులు అక్కర్లేదు. గోధుమరంగు పెంకులో ఆ రంగు లోపలిదాకా ఉండదు, గుడ్డు తయారయ్యే చివరి గంటల్లో కోడి పైన పూసిన పూత అంతే, కింద తెలుపే. పెంకు ఇంచుమించు అంతా కాల్షియం కార్బొనేట్, వెనిగర్ పులుపుకి కరుగుతుంది. కాబట్టి మైనంతో ముగ్గేసి వెనిగర్‌లో పెడితే, మైనం లేనిచోట పూత కరిగి తెలుపు బయటపడుతుంది, మైనం కింద గోధుమరంగు అలాగే ఉంటుంది. ఇక్కడ కొట్లలో ఐదు శాతం వెనిగర్ దొరుకుతుంది, ఇరవై ఐదు శాతం ఎసెన్సూ దొరుకుతుంది, రెండోది నీళ్లు కలపకుండా వాడితే పెంకూ పోతుంది, చెయ్యీ పోతుంది.

గిన్నెలో వెయ్యగానే గుడ్డంతా సన్నటి బుడగలు, సోడా పోసినట్టు. మైనం ఉన్నచోట మాత్రం బుడగ ఉండదు, అందుకని బొమ్మ బుడగల మధ్యలో నున్నగా తేలి కనిపిస్తుంది. కాసేపయ్యాక తీసి మెత్తటి టూత్‌బ్రష్‌తో నీళ్లలో రుద్దితే గోధుమరంగు పొర నీళ్లలో కలిసిపోతుంది. చాలకపోతే మళ్లీ ముంచాలి. ఎక్కువసేపు వదిలేస్తే పెంకు పల్చబడి వేలు నొక్కితే లోపలికి పోతుంది. చివరికి మైనం తుడిచాక గోధుమరంగు బొమ్మ మీద వేలు పెడితే వెంట్రుకవాసి ఎత్తుగా తగులుతుంది. కన్నుకి కనబడని ఆ ఎత్తు కోసమే నాకిది రంగుల గుడ్డు కన్నా ఇష్టం. ఓమా ఒప్పుకోదు, రంగు లేకపోతే పండగేంటి అంటుంది.

ఆవిడ దగ్గర ఇంకో రకం కూడా ఉంది, మాతో చేయించదు. ముదురురంగు వేసిన గుడ్డు మీద ఇనప పాళీతో పల్చటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ గీతలు. గీసిన చోట రంగూ పైపెంకూ పోయి తెల్లగీత వస్తుంది, వెంటనే కాగితంతో అద్దెయ్యాలి. కిటికీ తెరిచి, చేతులకి తొడుగులు వేసుకుని, పిల్లలు లేనప్పుడే. ఒక నల్లగుడ్డు చూపించింది, దాని మీద లేసు అల్లిక, ఒక్కొక్క దారం విడిగా కనబడుతోంది. పక్కనే కత్తిమొనతో గీకి చేసింది ఇంకోటి. గీకిందానిలో గీత అంచు కరుగ్గా ఉంది, యాసిడ్‌దానిలో మెత్తగా. చెప్పకపోతే నాకు తేడా తెలిసేది కాదు.

సాయంత్రం ఫోటోలు కుటుంబం గ్రూపులో పెట్టా. మా పెదనాన్నగారి అబ్బాయి ఉక్రెయిన్‌లో ఎంబీబీఎస్ చదువుతూ 2022లో సగంలో వచ్చేశాడు, మిగతాది ఇంకోచోట పూర్తిచేశాడు. వాడు వెంటనే ఫోన్ చేశాడు. "అక్కా, ఇవి పిసాంకాలు కదా!" పిసాంకా అంటే ఉక్రెయిన్ వాళ్లు మైనంతో రాసే గుడ్డు. కాదురా, వాటి చుట్టాలు అన్నా. అక్కడ ఈకలు కాదు, పుల్లకి చిన్న ఇత్తడి గరాటు కట్టి అందులో మైనం కరిగించి సన్నటి గీతలు లాగుతారు, అందుకే వాళ్ల గుడ్ల మీద తీగలు, వలలు ఉంటాయి, వీళ్లవాటి మీద ముక్కోణాలు. ఉక్రెయిన్‌లోని కొలొమియా ఊళ్లో గుడ్డు ఆకారంలోనే కట్టిన మ్యూజియం ఉంది, 2000లో తెరిచారు, వాడు చూశాడట. 2024 డిసెంబర్‌లో యునెస్కో పిసాంకాని ఉక్రెయిన్, ఎస్టోనియాల పేరు మీద కలిపి గుర్తించిందని చెబితే వాడు కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత వాళ్ల హాస్టల్ వంటావిడ గురించి చాలాసేపు చెప్పాడు. ఆవిడ ఇప్పుడెక్కడుందో వాడికి తెలీదు.

అమ్మ ఫోన్ వేరేగా నడిచింది. "ఏమే, శనివారం పూట గుడ్లేంటే?" "తినలేదమ్మా, రంగులేశాం." "తినని గుడ్డుకి రంగెందుకే?" దీనికి నా దగ్గర జవాబు లేదు, ఫోన్ పాపకిచ్చేశా.

పాపకి ఇవాళ్టి పాఠంలో బాగా ఎక్కింది మాత్రం ఒకటే. సోర్బుల్లో జ్ఞానస్నానం నాటి పెద్దలు, గాడ్‌ఫాదర్ గాడ్‌మదర్ ఉంటారు కదా, వాళ్లు ఈస్టర్‌కి ఆ పిల్లలకి రంగుల గుడ్లు ఇవ్వాలి, సాధారణంగా మూడు, వాటితోపాటు తినుబండారాలూ ఇస్తారు. మనకి ఆ వరస లేదు కదా అన్నా. కాసేపు ఆలోచించి, మేనమామ ఉన్నాడుగా అని తీర్మానించి, హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడికి వాయిస్ మెసేజ్ పెట్టింది, "మావయ్యా, నువ్వు నాకు మూడు గుడ్లు బాకీ, ఏడాదికి మూడు, నేను పుట్టినప్పట్నుంచీ లెక్క." వాడి జవాబు ఇప్పుడే వచ్చింది. ట్రేలో ముప్ఫై ఉంటాయి, నీ ఎనిమిదేళ్లకి ఇరవై నాలుగు పోను మిగతావి రెండేళ్ల అడ్వాన్సు అనుకో, రంగులు మాత్రం నువ్వే వేసుకోవాలి తల్లీ అని.