పార్కింగ్ పిల్లర్లకు టెస్టులు: నా అనుభవం

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్‌లోని మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నీళ్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. తర్వాత కొన్నాళ్లకు రెండు పిల్లర్ల అడుగున పెచ్చులూడి తుప్పు మరకలు బయటపడ్డాయి. "సిమెంటు పూసేస్తే సరిపోద్దండీ" అన్నాడు మేస్త్రి. ఖర్చు తక్కువ కాబట్టి అసోసియేషన్‌లో చాలామందికి ఆ మాటే నచ్చింది. లోపలేముందో చూడకుండా పూయడానికి నేను ఒప్పుకోలేదు. టెస్టులు చేసే ఇంజనీరును పిలిపించాను.

ముందు ప్లాస్టరింగ్ తీసేసి, రాయితో నున్నగా రుద్ది, రీబౌండ్ హ్యామర్ అనే స్ప్రింగు సుత్తితో కొట్టి చూశారు. అంకెలు బాగానే వచ్చాయి. "చూశారా, ఏమీ లేదు" అన్నారు ట్రెజరర్‌గారు. ఇంజనీరు ఒప్పుకోలేదు. ఆ సుత్తి చెప్పేది పైపొర గట్టిదనమే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల పాత కాంక్రీటు పైన గట్టిపడి, అంకె ఎక్కువ చూపిస్తుంది. బలం అంచనా 25 శాతం అటూ ఇటూ కావచ్చట. కొందరు ఈ ఒక్క టెస్టుతోనే రిపోర్టు ఇచ్చేస్తారని విని ఆశ్చర్యపోయాను.

అసలు సంగతి అల్ట్రాసోనిక్ టెస్టులో, అంటే కాంక్రీటు గుండా ధ్వని తరంగం ఎంత వేగంగా పోతుందో చూసే టెస్టులో తేలింది. స్టీలులో తరంగం ఇంకా వేగంగా పోతుంది కాబట్టి, ముందు కవర్ మీటరుతో కడ్డీలు ఎక్కడున్నాయో సుద్దతో గీశారు. వాటిని తప్పించి, పిల్లర్‌కు రెండు వైపులా గ్రీజు రాసి ప్రోబ్‌లు ఆనించారు. సెకనుకు 4.5 కిలోమీటర్లు దాటితే చాలా మంచి కాంక్రీటు, 3.5 పైన ఉంటే మంచిది, 3 లోపు అయితే అనుమానించాల్సిందే. మా పిల్లర్లు నడుము ఎత్తున 4 దాటాయి, అడుగున మాత్రం 3 కూడా రాలేదు. లోపల ఖాళీలుంటే తరంగం చుట్టూ తిరిగి వస్తుంది, అందుకే ఆలస్యం. అక్కడ కొంచెం చెక్కి చూస్తే కంకర మధ్య సిమెంటే లేదు!

చెక్కిన చోట క్షారగుణం ఉందో లేదో చూపించే ఫినాఫ్తలీన్ ద్రావణం కొట్టారు. బాగున్న కాంక్రీటు గులాబీ రంగుకు మారాలి. కడ్డీ దాకా రంగే రాలేదు. అంటే తుప్పు నుంచి కాపాడే క్షారగుణం అక్కడ ఏనాడో పోయింది. మేమంతా వరదను తిట్టుకుంటున్నాం గానీ, లోపం పోత పోసిన రోజుదే.

"పార్కింగ్ పిల్లర్‌కు మేమెందుకివ్వాలి?" అని పై అంతస్తువాళ్లు అడిగిన గొడవ వేరే కథ. చివరికి బరువు మోయడానికి జాకీలు పెట్టి, గుల్ల కాంక్రీటు చెక్కేసి, సందుల్లోకి సులువుగా పారే మైక్రో కాంక్రీటు పోయించాం. ఫైనల్ బిల్లు ఇచ్చే ముందు అవే గుర్తుల దగ్గర మళ్లీ ప్రోబ్‌లు పెట్టించాను. ఈసారి అడుగున కూడా 3.5 దాటింది.